పెట్టెతో కొనాలా, ఒట్టి మిషనే కొనాలా? మోడల్ పేరు చివరి తోకల గొడవ

బాడిస (చర్చ మొదలు)

చెక్కపని మిషను ఒకటే, పెట్టెని బట్టి, బ్యాటరీని బట్టి పేర్లు మాత్రం ఎన్నో. మకిటా డ్రిల్లు డీహెచ్‌పీ 484 చూడండి. చివర జెడ్ ఉంటే బ్యాటరీ, ఛార్జరు లేని ఒట్టి మిషను. జెడ్‌జే అంటే ఆ ఒట్టి మిషనే మ్యాక్‌ప్యాక్ పెట్టెలో పెట్టి ఇస్తారు. ఆర్‌టీజే అంటే 5 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం) బ్యాటరీలు రెండు, ఛార్జరు, పెట్టె. మోటారు ఒకటే, గేర్లు ఒకటే, బిట్‌ని పట్టే చక్ ఒకటే.

నా వాదన: బ్యాటరీలు ఒకసారి చేతికొచ్చాక ఆ తర్వాత కొనేవన్నీ జెడ్ మాత్రమే కొనాలి. పెట్టెలు విడిగా, అన్నీ ఒకే కొలతలో తీసుకోవాలి. మిషనుతో వచ్చే పెట్టెలో సగం గాలే ఉంటుంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

రంపపుపొట్టు

డ్రిల్లుకి సరే. ట్రాక్ సాకీ (పట్టా మీద నడిచే రంపం), రౌటర్‌కీ (చెక్కలో గాడులు తవ్వే మిషను) మాత్రం ఒప్పుకోను. ఆ పెట్టెల్లో అసలు విలువ లోపలి ట్రేది. మిషను ఏ కోణంలో కూర్చోవాలి, అదనపు బ్లేడు ఎక్కడ, అలెన్ కీ ఎక్కడ అన్నీ అందులో అచ్చుపోసి ఉంటాయి. ఖాళీ పెట్టె కొంటే ఆ పనంతా మీరే ఫోమ్ కోసి చెయ్యాలి. తేలిక అనుకుంటారు గానీ చెడేది అక్కడే:

ముందు కొలత. పెట్టె గోడలు కిందికి సన్నబడతాయి. పైన కొలిచి కోసిన ఫోమ్ అడుగుకి దిగదు, మధ్యలో ఉబ్బుతుంది. అడుగునే కొలవాలి. తర్వాత ఫోమ్ రకం. స్పాంజి వాడితే తేమ పీల్చి బ్లేడు పళ్ల దగ్గర తుప్పు తెస్తుంది, ఏళ్లు గడిస్తే పొడిపొడిగా రాలి మిషను గాలిరంధ్రాల్లోకి పోతుంది. నీళ్లు పీల్చని గట్టి పాలిథిలిన్ ఫోమ్ కావాలి. అడుగున 10 మి.మీ. షీటు కోయకుండా ఉంచి, పైన 30 మి.మీ. షీట్లు ఒక్కొక్కటిగా కోయండి. మిషను చుట్టూ 3 మి.మీ. వదులు చాలు. వేళ్లు దూరడానికి రెండు పక్కలా 25 మి.మీ. సందు ఉండాల్సిందే, లేకపోతే కేబుల్ పట్టుకుని లాగుతారు. మూతకి 20 మి.మీ. షీటు అంటించండి. ముందు హ్యాండిల్ పట్టుకుని మోస్తే పెట్టె నిలువుగా తిరుగుతుంది, పైనుంచి ఒత్తే ఫోమ్ లేకపోతే బిట్లన్నీ ఒక మూలకి చేరతాయి.

రౌటర్ అయితే బిట్ తీసేసి, సైడ్ ఫెన్స్ (అంచు వెంట నడిపే పక్క పట్టీ) రాడ్లు విడదీసి, కిందికి నొక్కి లాక్ చేశాకే కొలవండి. పైకి లేచి ఉండగా కొలిస్తే ఒక సైజు పెద్ద పెట్టె కొంటారు.

బాడిస

ట్రేల గురించి ఒక మాట. చాలా ట్రేలు ఏ బ్యాటరీతో అమ్మారో దానికే సరిపోతాయి. చిన్న బ్యాటరీ కిట్టు ట్రేలో 5 ఏహెచ్ తగిలించి పెడితే మూత గడియ పడదు. బలవంతంగా మూస్తే ట్రిగ్గర్ నొక్కుకుపోతుంది. ఎలాగూ బ్యాటరీ విడదీసి పెట్టాలి, అప్పుడు ఆ అచ్చుకి అంత గొప్పేముంది?

ఉలిపిడి

తోకలు అందరికీ ఒకేలా ఉండవు, అసలు చిక్కు అదే. డివాల్ట్ 54 వోల్టుల ట్రాక్ సా డీసీఎస్ 520 తీసుకోండి. ఎన్‌టీ అంటే బ్యాటరీ లేకుండా, టీస్టాక్ పెట్టెతో. టీ2 అంటే రెండు ఫ్లెక్స్‌వోల్ట్ 6 ఏహెచ్ బ్యాటరీలు. ఒకచోట టీ పెట్టె, ఇంకోచోట అదే టీ బ్యాటరీ! అంకె పక్కన ఉంటే బ్యాటరీ, ఎన్ పక్కన ఉంటే పెట్టె అని గుర్తుపెట్టుకోండి. అమెరికాలో అమ్మే వాటికి ఎన్ బదులు బీ ఉంటుంది. మకిటా 18 వోల్టుల వాటికి అమెరికా బయట డీతో మొదలయ్యే పేరు అక్కడ ఎక్స్‌తో మొదలవుతుంది, అంకెలు కూడా మారతాయి.

ఇక బాడిస గారి జెడ్ సూత్రం ఫెస్టూల్‌కి పనికిరాదు. అక్కడ ‘బేసిక్’ అంటే బ్యాటరీ, ఛార్జరు ఉండవు, కానీ పెట్టె ఉంటుంది. ‘ప్లస్’ అంటే సిస్టైనర్ అనే ఫెస్టూల్ పెట్టెలో వస్తుంది. చివర ఎఫ్ఎస్ ఉంటే రంపం నడిచే పట్టా, అంటే గైడ్ రైలు కూడా. ఒట్టి మిషను అనే మాటకి ఒక్కో కంపెనీలో ఒక్కో అర్థం.

చిత్రిక

తోక సంగతి తర్వాత, నడుమనున్న అంకెలే నమ్మలేం కదా. ఫెస్టూల్ ట్రాక్ సా టీఎస్ 55లో 55 అంటే కోత లోతు, మి.మీ.లలో. బాష్ జీకేటీ 55లో కూడా దాదాపు అంతే. అదే బాష్ జీకేఎస్ 190లో మాత్రం 190 బ్లేడు వ్యాసం, కోత లోతు 70. ఫెస్టూల్ ఓఎఫ్ 1400 రౌటర్‌లో అంకె వాట్లు. అలాగే అనుకుని డీఎఫ్ 500 డొమినోని (చెక్కల అతుకుకి గాడి తవ్వే ఫెస్టూల్ మిషను) 500 వాట్లంటే తప్పు, దానిది 420. బాష్ ప్లేనర్ జీహెచ్‌ఓ 26-82లో 26 అంటే 2.6 మి.మీ. చిత్రిక లోతు, 82 వెడల్పు. చుక్క మింగేశారు!

ఫెస్టూల్ ఈటీఎస్ 150/3, 150/5 సాండర్ల (అరగదీసే మిషన్లు) దగ్గర జాగ్రత్త. 150 ప్యాడ్ వ్యాసం, రెండో అంకె ప్యాడ్ తిరిగే వలయం, మి.మీ.లలో. 3 నునుపు పనికి, 5 వేగంగా అరగదీయడానికి. ప్యాడ్ మార్చినంత మాత్రాన ఒకటి ఇంకోటి అయిపోదు, ఆ వలయం మిషను లోపల ఉంటుంది.

మకిటాలో అంకె పెద్దదైతే బలం ఎక్కువనుకోకండి. డీహెచ్‌పీ 481 తిప్పే బలం 115 న్యూటన్ మీటర్లు, 484ది 54.

కొలబద్ద

పెట్టెల పేర్లలోనూ ఇదే కథ. సిస్టైనర్ పాత తరం టీ-లాక్‌కి 1 నుంచి 5 వరకు సైజులు: ఎత్తు మి.మీ.లలో 105, 157.5, 210, 315, 420. అడుగు అన్నింటికీ 396 × 296. మ్యాక్‌ప్యాక్ 1 నుంచి 4 కూడా ఇవే కొలతలు, ఒకదానిపై ఒకటి లాక్ అవుతాయి. తర్వాత వచ్చిన సిస్టైనర్ 3 తరంలో ఎత్తునే పేరు చేశారు: ఎం 112, 137, 187, 237, 337, 437. మంచి పనే, కానీ ఆ తరం పేరు ‘సిస్ 3’, పాతదాంట్లో మూడో సైజు పేరూ ‘సిస్ 3’! సెకండ్ హ్యాండ్‌లో ‘సిస్ 3 పెట్టె’ అని ఎవరైనా అమ్మితే ముందు ఎత్తు అడగండి.

బాష్ ఎల్-బాక్స్ ఇంకో దారి. అడుగు 442 × 357. పేరులో 136 ఉంటుంది, బయటి ఎత్తు కొలిస్తే 151. 238ది 253. పేరు చూసి అర కట్టినవాడికి 15 మి.మీ. తక్కువ పడుతుంది.

రంపపుపొట్టు

అందుకే కంపెనీ పెట్టె మార్చినప్పుడు అలమర పాడవుతుంది. టీఎస్ 55 ఆర్ టీ-లాక్ 4లో వచ్చేది, 315. కొత్తది ఎం 337లో వస్తుంది. డొమినో 157.5 నుంచి 187కి పెరిగింది. పేర్చడానికి అన్నీ కలుస్తాయి. సరిగ్గా కొలిచి కట్టిన అరలో మాత్రం దూరవు.

కొలబద్ద

అర కట్టేవాళ్లకి లెక్క: పెట్టె కూర్చునే లాగుడు ట్రే పలక 400 వెడల్పు, అది జారే స్లైడు ఒక్కో పక్క 12.7, కాబట్టి లోపలి వెడల్పు 426 పెట్టుకోండి. ఎత్తు అంటే పెట్టె, ట్రే ప్లైవుడ్ 12, పైన 15 ఖాళీ. ఎం 337కి 364, పాత 315కి 342. నాలుగు అరలకి 88 మి.మీ. తేడా. పెట్టె లోతు 296 కదా అని 300 స్లైడు కొనకండి. పూర్తిగా లాగినా మూత వెనక్కి వాలేటప్పుడు పై ట్రే అంచుకి తగులుతుంది. 350 ఫుల్ ఎక్స్‌టెన్షన్ వేయండి.

ఎల్-బాక్స్‌లకైతే లోపలి వెడల్పు 472. రెండు రకాలూ ఒకే అలమరలో కలిపితే చిన్నవాటి పక్కన జాగా వృథా. కలపకండి, అంతే.

బాడిస

ట్రాక్ సా, రౌటర్ విషయంలో రంపపుపొట్టు గారి మాట ఒప్పుకుంటున్నాను. డ్రిల్లు, సాండర్, జిగ్ సాకి మాత్రం నా మాట మీదే ఉన్నాను. బ్యాటరీలు తీసేస్తే ఆ మూడూ దేనికది 210 ఎత్తు పెట్టెలో ఫోమ్‌తో హాయిగా పడతాయి. అయితే పెట్టె లేకుండా కొంటే తర్వాత అమ్మేటప్పుడు విలువ పడిపోతుందంటారు, దానికేమంటారు?

ఉలిపిడి

అమ్మకం సంగతి కొనేవాడి ఇష్టం. స్పేర్లకి మాత్రం పెట్టె మీది పేరుతో పనిలేదు. మకిటా మిషనుకి ఉండే వివరాల రేకు మీద జెడ్‌జే, ఆర్‌టీజే ఉండవు, డీహెచ్‌పీ 484 అనే ఉంటుంది. డివాల్ట్‌కి మోడల్‌తో పాటు రేకు మీద ‘టైప్’ అంకె ఉంటుంది. అది చెప్పకుండా స్విచ్ ఆర్డర్ చేస్తే పాత రకం రావచ్చు, కనెక్టర్ కలవదు. పెట్టెలు మార్చి వాడేవాళ్లు రేకు మీది మోడలు, టైప్, సీరియల్ నంబరు చీటీ రాసి పెట్టెకి ముందు వైపు అంటించండి. మూత మీద అంటిస్తే పైన ఇంకో పెట్టె కూర్చోగానే కనబడదు.