కోలుకుంటున్నప్పుడు బాగున్న రోజును పూర్తిగా వాడుకోవాలా, సగంలో ఆపాలా?

వెన్నెలతీరం:
న్యుమోనియా తగ్గి ఐదు వారాలైంది. మందులు అయిపోయాయి, ఎక్స్‌రే బాగుందన్నారు, నీరసం మాత్రం వదలలేదు. పోయిన మంగళవారం నిద్ర లేచేసరికి ఒళ్లు తేలిగ్గా అనిపించింది. మెట్లెక్కితే ఆయాసం రాలేదు. చాలా రోజుల తర్వాత నిజంగా ఆకలి వేసింది. ఆ ఉత్సాహంలో బీరువా సర్దాను, దుప్పట్లు ఉతికాను, పేరుకుపోయిన ఈమెయిళ్లన్నింటికీ జవాబులు రాశాను. బుధవారం బాగానే గడిచింది. గురువారం పొద్దున తల దువ్వుకుందామంటే చెయ్యి పైకి లేవలేదు. రెండు రోజులు మంచం దిగలేకపోయాను.

"పూర్తిగా తగ్గేవరకు కదలకుండా పడుకో" అంటుంది మా అక్క. "పడుకుంటే ఉన్న బలం కూడా పోతుంది" అంటారు మా వారు. ఇద్దరూ నా మంచికే చెబుతున్నారు. మళ్లీ అలాంటి రోజు వస్తే ఏం చేయాలి? ఏం తింటే త్వరగా తేరుకుంటాను?

అడుగులో అడుగు:
నేను మీ వారి పక్షం. గుండె ఆపరేషన్ అయిన మర్నాడే నన్ను లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు వాళ్లకు దండం పెట్టాలనిపిస్తోంది. ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మంది వృద్ధులను పది రోజులు మంచంపైనే ఉంచి చేసిన అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. ఆ పది రోజుల్లోనే వాళ్ల కాళ్లలో సగటున కిలోకు దగ్గరగా కండ తగ్గింది. అది జబ్బు లేనివాళ్ల సంగతి! బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ రోగిని అనవసరంగా మంచాన ఉంచడం ప్రమాదమని 1947లోనే హెచ్చరించారు. ఓపిక ఉన్న రోజు తిరగండి. ఆ రోజు కూడా భయపడి కూర్చుంటే ఇక బలం ఎక్కడి నుంచి వస్తుంది?

నిదానం:
అడుగులో అడుగు గారూ, గుండె ఆపరేషన్ తర్వాత మీరు చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఈవిడ రాసిన దానిలో ఒక్క మాట మీరు గమనించలేదు. దెబ్బ తగిలింది బుధవారం కాదు, గురువారం. మామూలు అలసట అదే రాత్రి వచ్చి, నిద్రతో పోతుంది. శ్రమ చేసిన పన్నెండు గంటల నుంచి రెండు రోజుల లోపు వచ్చి, మనిషిని పడగొట్టేది వేరే రకం. వైరల్ జ్వరం తర్వాత రెండేళ్లుగా నేను దానితోనే ఉన్నాను. నాకున్న దీర్ఘకాల అలసట వ్యాధి వారికి వ్యాయామాన్ని వారం వారం పెంచుకుంటూ పోయే చికిత్స ఇవ్వవద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. అంతకు ముందు ఏళ్ల తరబడి ఆ చికిత్సే ఇచ్చేవారు.

మీకు అదే జబ్బు ఉందని అనడం లేదండీ వెన్నెలతీరం గారూ. న్యుమోనియా తర్వాత మూడు నెలల వరకు అలసట ఉండడం మామూలే, ఆరు నెలలకు చాలామంది పూర్తిగా కుదుటపడతారు. ఇంకోసారి ఇలాగే రెండు రోజుల తర్వాత పడిపోతే మాత్రం తేదీలు రాసుకుని డాక్టరుకు చూపించండి. జ్వరం తిరగబెట్టినా, ఆయాసం పెరిగినా ఆగకుండా వెళ్లండి.

రాత్రిపాళి:
సగంలో ఆపమనడం తేలికే. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో బాగున్న రోజు అంటే ఆగిపోయిన పనులు చేసే రోజే. మిగతా రోజుల్లో చేయలేం కాబట్టే కదా ఆ రోజు చేస్తాం.

వంటిల్లు:
ఆసుపత్రిలో పోషకాహార నిపుణురాలిగా పనిచేస్తున్నాను. తిండి సంగతి నేను చెబుతాను.

జబ్బు పడి లేచినవారు చేసే పొరపాటు పలుచని సూపులతో కడుపు నింపుకోవడం. అందులో ఉండేది చాలావరకు నీరు, ఉప్పు. కండ తిరిగి రావాలంటే మాంసకృత్తులు కావాలి. జబ్బులో ఉన్న పెద్దవయసువారికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు అవసరమని నిపుణుల సూచన. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఎనిమిది గ్రాములు ఉంటాయి. లెక్క వేస్తే ఒక్క పూటలో అందేది కాదని తెలుస్తుంది. కాబట్టి ప్రతి పూటా కొంచెం పప్పుధాన్యమో, చేపో, గుడ్డో, పెరుగో ఉండాలి. ఆకలి పొద్దున బాగుంటే పెద్ద భోజనం పొద్దునే చేయండి, మధ్యాహ్నం దాకా దాచుకోవద్దు. పప్పులతో, ఆకుకూరలతో పాటు నిమ్మజాతి పండు తింటే వాటిలోని ఇనుము బాగా ఒంటపడుతుంది. భోజనంతో టీ తాగితే అది తగ్గుతుంది. మూత్రపిండాల జబ్బు ఉంటే మాంసకృత్తులు పెంచేముందు డాక్టరును అడగాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్‌ఫరిన్ మందు వాడేవారు ఆకుకూరలు మానక్కరలేదు, రోజూ ఒకే మోతాదులో తినాలి.

ఇక రోగనిరోధక శక్తి పొడులు, డబ్బాలు. ఆ డబ్బుతో గుడ్లు కొనండి.

ఇంకొక మాట. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 36 మందిని ఆరు నెలలు అర్ధాకలితో ఉంచి, తర్వాత వాళ్లు ఎలా కోలుకుంటారో చూశారు. మొదట కొద్దికొద్దిగా పెంచిన తిండి సరిపోలేదు. బాగా తేరుకోవడానికి రోజుకు నాలుగు వేల కేలరీల దాకా పట్టింది. ఒళ్లు తన బాకీ వసూలు చేసుకుంటున్నప్పుడు ఆకలికి అడ్డు చెప్పకండి. అయితే చాలా రోజులు దాదాపు ఏమీ తినకుండా చిక్కిపోయినవారు ఒక్కసారిగా ఎక్కువ తింటే రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. వాళ్లకు తిండి వైద్యుల కనుసన్నల్లోనే పెంచాలి.

అడుగులో అడుగు:
నిదానం గారూ, గురువారం సంగతి ఒప్పుకుంటున్నాను, నేను చూడలేదు. అయినా ఒక భయం ఉంది. మా తమ్ముడు "మళ్లీ వస్తుందేమో" అనుకుంటూ ఏడాది గడప దాటలేదు. వాడికి జబ్బు కంటే ఆ భయమే ఎక్కువ చేటు చేసింది.

నిదానం:
భయపడి కూర్చోమని నేనూ అనను. వెన్నెలతీరం గారు ఆ మంగళవారం ఏం చేశారో మళ్లీ చదవండి. బీరువా, దుప్పట్లు, ఈమెయిళ్లు. ఐదు వారాల తర్వాత దొరికిన రోజులో ఆవిడకంటూ ఒక్కటీ లేదు! నాకు బాధ కలిగింది అక్కడే. నేనూ మొదటి ఏడాదంతా అదే చేశాను.

నాకు గుర్తున్న మొదటి మంచి రోజు వేరు. కిటికీ పక్కన కూర్చుని కమలాపండు ఒలిచాను. తొక్కలో గోరు దిగగానే సన్నని తుంపర లేచి ముక్కుకు తగిలింది. నాలుగు నెలలుగా నాకు ఏ వాసనా తెలియలేదు. అలా పట్టుకునే చాలాసేపు ఉండిపోయాను. తర్వాత తొనల మీది పీచు తీసి ఒక్కొక్కటే తిన్నాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఇంకా ఓపిక ఉందనిపించింది, అయినా వెళ్లి పడుకున్నాను. ఆ ఓపిక మర్నాటికీ మిగిలింది.

రాత్రిపాళి గారూ, మీ మాట కొట్టిపారేయలేను. పనులు ఉంటాయి. నేను ఉతకడం ఒక రోజు, మడతపెట్టడం ఇంకో రోజు చేస్తాను, అదీ కూర్చుని. వేరేవాళ్లు చేయగలిగింది అడిగి చేయించుకుంటాను. అడగడమే కష్టమైంది.

రాత్రిపాళి:
అడగడం నాకింకా రాలేదు.

వెన్నెలతీరం:
అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు మళ్లీ ఒళ్లు తేలిగ్గా ఉంది. పొద్దున రెండు గుడ్లు, గ్లాసు పాలు తీసుకున్నాను. ఉతికిన దుప్పట్లు కుర్చీ మీదే పడి ఉన్నాయి, వాటిని మడవమని మా అక్కకు చెప్పాను. అరగంట బయట ఎండలో కూర్చుని లోపలికి వచ్చేస్తాను. ఎల్లుండి ఎలా ఉన్నానో ఇక్కడే రాస్తాను.