ఉద్యోగంలో ఉండగా చూపు పోయింది: స్వచ్ఛంద పదవీ విరమణ తప్ప దారి లేదా?

ప్రశ్న (ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా)

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో 21 సంవత్సరాలుగా సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. నా వయసు 46. రెటినైటిస్ పిగ్మెంటోసా (కంటి వెనుక పొర క్రమంగా పాడయ్యే జబ్బు) ఉందని పన్నెండేళ్ల క్రితమే డాక్టర్లు చెప్పారు. అప్పట్లో చీకటి పడితే బండి నడపలేకపోవడం, పక్కనుంచి వచ్చే మనిషి కనబడకపోవడం తప్ప పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. గత ఏడాదిన్నరలో నడిమధ్య మిగిలిన చూపు కూడా సన్నగిల్లింది. వెలుతురును బట్టి కిటికీ ఎటువైపు ఉందో చెప్పగలను కానీ, పాఠ్యపుస్తకంలో ఒక్క అక్షరమూ చదవలేను.

పాఠాలన్నీ నోటికి వచ్చు కనుక తరగతి ఎలాగో నడుస్తోంది. జవాబు పత్రాలు మా అమ్మాయి చదివి వినిపిస్తే మార్కులు వేస్తున్నాను. ఫోనులో ముఖం చూపించి హాజరు వేయడం మాత్రం నా వల్ల కావడం లేదు. నా ముఖం తెర మీద పడిందో లేదో నాకు తెలియదు, ప్రతిరోజూ ఎవరో ఒకరిని బతిమాలుకోవలసి వస్తోంది. సహోద్యోగులు మంచి మనసుతోనే "ఎందుకు మాస్టారూ ఈ అవస్థ, స్వచ్ఛంద విరమణ తీసుకోండి" అంటున్నారు. కార్యాలయంలో ఒకరు దరఖాస్తు టైపు చేయించి మరీ ఇచ్చారు. సంతకం చేయవలసిన చోట మా ఆవిడ నా వేలు పట్టుకుని ఆనించింది. పెన్ను చేతిలోనే ఉంది, సంతకం మాత్రం చేయలేకపోయాను.

ఇంతవరకు చూపులేని మరొక మనిషితో పది నిమిషాలు కూర్చుని మాట్లాడిన సందర్భం నా జీవితంలో లేదు. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే, ముందుగా ఏం చేయాలో, ఏం చేయకూడదో దయచేసి చెప్పండి.

జవాబు (బ్యాంకు అధికారి, వరంగల్)

మాస్టారూ, నమస్కారం. ఆ కాగితం మీద సంతకం చేయకండి. మిగతావన్నీ నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో 20వ సెక్షన్, 4వ ఉపసెక్షన్ ఎవరితోనైనా రెండుసార్లు చదివించుకుని వినండి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పోస్టుకు పనికిరాడని తేలినా, అదే జీతపు స్కేలుతో, అవే సర్వీసు ప్రయోజనాలతో మరో పోస్టుకు మార్చాలి. అలాంటి పోస్టు లేకపోతే తగిన ఖాళీ దొరికేవరకు, లేదా పదవీ విరమణ వయసు వచ్చేవరకు, రెండింటిలో ఏది ముందైతే అంతవరకు, సూపర్‌న్యూమరరీ పోస్టులో (ఆ ఉద్యోగి కోసమే అదనంగా సృష్టించిన పోస్టులో) ఉంచాలి. 1995 నాటి పాత చట్టంలోనూ 47వ సెక్షన్‌గా ఈ రక్షణ ఉండేది. కునాల్ సింగ్ కేసులో 2003లో సుప్రీంకోర్టు, ఉద్యోగికి ఇన్‌వాలిడ్ పెన్షన్ (వైకల్యం వల్ల పనిచేయలేరని ఇచ్చే పెన్షన్) ఇచ్చినంత మాత్రాన ఈ రక్షణ పోదని తీర్పు చెప్పింది. అయితే మీ అంతట మీరే విరమణ కోరితే ఈ రక్షణను చేజేతులా వదులుకున్నట్లయ్యే ప్రమాదం ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

సదరం ధ్రువపత్రం (రాష్ట్రంలో ఇచ్చే వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (దేశమంతటా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు) లేకపోతే ముందు వాటికి దరఖాస్తు చేయండి. ఆ తర్వాత మీ అధికారికి లిఖితపూర్వకంగా రాయండి. చూపు తగ్గిన సంగతి, మీరు బోధన కొనసాగించదలచిన సంగతి, అందుకు ఏ వెసులుబాట్లు కావాలో ఒక్కొక్కటిగా రాసి, తేదీ వేసిన రశీదు తీసుకోండి. వైకల్యం ఉన్న ఉద్యోగులకు సహేతుకమైన వెసులుబాటు కల్పించడం అదే 20వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థల బాధ్యత. 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, అక్కడ తేలకపోతే వైకల్యంపై ఏర్పాటైన జిల్లా స్థాయి కమిటీ దగ్గరకు వెళ్లవచ్చు, దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు కూడా ఫిర్యాదు చేయవచ్చు. నోటిమాటగా ఎవరు ఏ హామీ ఇచ్చినా, అది కాగితం మీదకు వచ్చేవరకు లెక్కలోకి తీసుకోకండి.

నా అనుభవం ఒకటి చెప్పాలి. గ్లకోమాతో నాకు 31వ ఏట చూపు పోయింది. అప్పుడు నేను పనిచేస్తున్న శాఖలో నన్ను ఎవరూ వెళ్లిపొమ్మనలేదు. గోడ పక్కన ఒక కుర్చీ వేసి "మీరు హాయిగా కూర్చోండి సార్, జీతం ఎక్కడికీ పోదు" అన్నారు. ఎనిమిది నెలలు అలాగే కూర్చున్నాను. చుట్టూ కీబోర్డుల చప్పుడు, నోట్లు లెక్కపెట్టే యంత్రం చప్పుడు వినబడుతుంటే నా చేతులు ఒళ్లో ఉండేవి. చూపు పోయిన రోజు కంటే ఆ ఎనిమిది నెలలే నన్ను ఎక్కువ కుంగదీశాయి. అందువల్ల దరఖాస్తులో జీతం కొనసాగించమని మాత్రమే రాయకండి, పని కావాలని రాయండి.

నన్ను అందులోంచి లాగినవారు, మరో ఊళ్లో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేస్తున్న ఒక పెద్దాయన. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. రెండు నెలలపాటు రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోను చేసి, ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌ను (కంప్యూటరు తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను) ఒక్కొక్క మీటా చెప్పి నేర్పించారు. ఓదార్పు మాటలు ఆయనకు పెద్దగా రావు. "నిన్న చెప్పింది చేశారా?" అని అడిగేవారు, అంతే. మీకు కూడా అలాంటి ఒక్కరు కావాలి. మీకు అభ్యంతరం లేకపోతే రాత్రి ఎనిమిదింటికి ఆ ఫోను నేను చేస్తాను.

మరొక చిన్న సంగతి. చూపు లేదని ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు ఇవ్వం, ఖాతాను జాయింటుగా మార్చుకోండి అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. చూపులేని ఖాతాదారులకు అన్ని సదుపాయాలూ వివక్ష లేకుండా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2008 జూన్ 4నే సర్క్యులర్ ఇచ్చింది.

జవాబు (తెలుగు ఉపాధ్యాయురాలు, విశాఖపట్నం)

మాస్టారూ, నాకు పుట్టుకతోనే చూపు లేదు. పద్నాలుగేళ్లుగా చూపున్న పిల్లలకే పాఠాలు చెబుతున్నాను కనుక తరగతి గది సంగతులు రాస్తాను.

హాజరు ఫోటోకు ఒక ఉపాయం ఉంది. ఫోనును నిలువుగా పట్టుకుని, ముందు కెమెరా ఉండే పై అంచును ముక్కుకు ఆనించండి. తల కదపకుండా, ఫోను వంచకుండా, చేతిని తిన్నగా ముందుకు చాపండి. ముఖం దాదాపు తెర మధ్యకే వస్తుంది. మీకు వెలుతురు తెలుస్తోంది కాబట్టి కిటికీకి ఎదురుగా నిలబడండి, కిటికీ మీ వెనుక ఉంటే ముఖం నల్లగా పడుతుంది. నాకు వారం రోజుల సాధనతో అలవాటైంది. ఉపాయం ఉంది కదా అని ప్రత్యామ్నాయం అడగడం మానవద్దు. బ్యాంకు ఖాతాలకూ ఫోను కనెక్షన్లకూ ఆన్‌లైన్ కేవైసీలో (ఖాతాదారు గుర్తింపు తనిఖీలో) కళ్లు ఆర్పి చూపించమనే పద్ధతి చూపులేనివారికి అడ్డంకి అవుతోందన్న కేసులో, 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలను అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. అది కేవైసీ గురించిన తీర్పే అయినా, మీ దరఖాస్తులో ఉదహరించదగినది.

తరగతిలో నేను పెట్టుకున్న నియమం ఏమిటంటే, మాట్లాడే పిల్లలు ముందు తమ పేరు చెప్పాలి. నెల తిరిగేసరికి పేరు చెప్పక్కరలేకుండానే గొంతులు గుర్తుపడతారు. నల్లబల్ల మీద రోజుకొకరు రాస్తారు, రాసినదాన్ని మరొకరు పైకి చదువుతారు. దీనివల్ల ఎవరికి ఏ ఒత్తు రాదో వెంటనే బయటపడుతుంది. జవాబు పత్రాలు చదివి వినిపించడానికి సహాయకుణ్ణి ఇవ్వమని వెసులుబాట్లలో తప్పక రాయండి, ఆ భారం మీ అమ్మాయి మీద ఉండకూడదు.

మీది సాంఘిక శాస్త్రం కనుక పటాల గురించి కూడా చెప్పాలి. మా పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పే మిత్రుడితో కలిసి ఒక అట్ట మీద భారతదేశ పటం తయారు చేశాం. సరిహద్దుకు లావుపాటి దారం, గోదావరి, కృష్ణలకు సన్న దారం జిగురుతో అంటించి, పడమటి కనుమల మీద ఇసుక చల్లాం. నా వేలు నాసిక్ దగ్గర ఇసుక గరుకులోంచి దిగి, దారం వెంట తూర్పుగా జరుగుతూ రాజమహేంద్రవరం దాటగానే దారం పాయలుగా చీలిపోయింది. గోదావరి అంత దూరం ప్రయాణిస్తుందని నాకు పాఠంగా తెలుసు, వేలికి తెలిసింది మాత్రం ఆ రోజే. చూపున్న పిల్లలు కూడా కళ్లు మూసుకుని ఆ పటం తడిమి చూస్తామని వరుసకట్టారు.

వేళ్లతో తడిమి చదివే చుక్కల లిపి బ్రెయిలీ కూడా నేర్చుకోండి. భారతీయ భాషలన్నింటికీ ఉమ్మడిగా 1951లో స్థిరపడిన భారతి బ్రెయిలీలోనే తెలుగు కూడా రాస్తాం. పలక మీద కుడినుంచి ఎడమకు పొడిచి, కాగితం తిప్పి ఎడమనుంచి కుడికి చదవాలి. మొదట తికమకగా ఉంటుంది, కానీ పిల్లల పేర్ల పట్టీ మీ వేళ్ల కింద ఉన్నప్పుడు కలిగే నిశ్చింత వేరు.

జవాబు (డిగ్రీ విద్యార్థిని, నల్గొండ)

సార్, టీచరుగారి మాట మీద గౌరవంతోనే ఒక విషయంలో భిన్నాభిప్రాయం చెబుతున్నాను. ఈ వయసులో బ్రెయిలీతో మొదలుపెడితే వేళ్లకు చుక్కలు తెలియడానికే నెలలు పట్టి నిరుత్సాహం కలగవచ్చు. ముందు ఫోనులో, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్ నేర్చుకోండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో, సెట్టింగుల్లో ఆ షార్ట్‌కట్‌ను ఒకసారి ఆన్ చేయిస్తే, శబ్దం పెంచే, తగ్గించే మీటలు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కితే అది మాట్లాడడం మొదలుపెడుతుంది. వేలితో కుడివైపుకు జరిపితే తరువాతి అంశం చదువుతుంది, తెర మీద ఎక్కడైనా రెండుసార్లు తడితే దాన్ని తెరుస్తుంది. పది రోజుల్లో వాట్సాప్ సందేశాలు మీరే వింటారు.

తెలుగు చదువరులకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. అను వంటి పాత ఫాంట్లలో కూర్చిన పుస్తకాల పీడీఎఫ్‌లు కంటికి చక్కని తెలుగుగా కనబడతాయి కానీ, స్క్రీన్ రీడర్ వాటిని అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలుగా చదువుతుంది. మొదటిసారి విన్నప్పుడు నా ఫోను చెడిపోయిందనుకున్నాను. యూనికోడ్‌లో ఉన్నదైతేనే సరిగా చదువుతుంది. కానిదాన్ని బొమ్మగా మార్చి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే, బొమ్మలోని అక్షరాలను గుర్తించి చాలావరకు చదవదగిన పాఠంగా మారుస్తుంది. ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి. చూపులేనివారి కోసం పుస్తకాలను ఇలా చదవగలిగే రూపంలోకి మార్చుకోవడానికి, పంచుకోవడానికి 2012 కాపీరైట్ సవరణ అనుమతిస్తోంది కనుక సంకోచించనక్కరలేదు. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో కూడా సభ్యులుగా చేరండి.

సమాచారం పంచుకోవడంలో మా మిత్రబృందం ఒక కట్టుబాటు పాటిస్తుంది. ఏ జీవో వచ్చినా దాని ఫోటో మాత్రమే పంపి ఊరుకోకూడదు, దాన్ని మనలో ఎవరమూ చదవలేం. సారాంశం టైపు చేసి, జీవో నంబరు, తేదీ రాసి పంపాలి. ఒకసారి స్క్రైబ్ (మనం చెబితే పరీక్ష రాసిపెట్టే సహాయకులు) నియమాల గురించి తేదీ లేని పాత సందేశం చేతులు మారుతూ వచ్చింది. దాన్ని నమ్మి నా స్నేహితురాలు, అప్పటి నియమం ప్రకారం తనకంటే ఒక మెట్టు తక్కువ చదివినవారు కావలసిన చోట, తనతో సమానంగా చదివిన అమ్మాయిని పరీక్షకు తీసుకెళ్లింది. ఆ రోజు పరీక్ష రాయలేకపోయింది. అప్పటినుంచి తేదీ లేని సమాచారాన్ని మేం ముందుకు పంపడం లేదు. చట్టం గురించి మీకు ఎవరు ఏం చెప్పినా, మేం చెప్పినది కూడా, మూలపాఠంతో సరిచూసుకోండి.

జవాబు (కిరాణా వ్యాపారి, గుంటూరు)

అన్నగారూ, నాదీ మీ జబ్బే. నయం చేస్తామన్న చోటల్లా తిరిగి అప్పుల పాలయ్యాను. ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువులో లోపం ఉన్నవారికి మాత్రమే 2017లో అమెరికాలో జన్యు చికిత్సకు ఆమోదం వచ్చిందని, తక్కిన రకాలలో చాలావాటికి నిరూపితమైన మందు లేదని చివరికి ఒక డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పారు. ఆ మాట ముందే చెప్పినవారు లేకపోయారు, అందుకే మీకు చెబుతున్నాను.

ఇక తెల్ల కర్ర. నలుగురూ చూస్తారని మూడేళ్లు ముట్టుకోలేదు, రెండుసార్లు కాలువలో పడ్డాను. ఎడమ కాలు ముందుకు వేసేటప్పుడు కర్ర కొన కుడివైపు తాకాలి, కుడి కాలికి ఎడమవైపు. భుజాల వెడల్పు కంటే కొంచెం ఎక్కువ ఊపితే చాలు. తెలిసినవారి దగ్గర కొన్నాళ్లు నేర్చుకోండి.

అడిగినవారు

మీ అందరికీ నమస్సులు. మీరు రాసినదంతా మా అమ్మాయి నిన్న రాత్రి రెండుసార్లు చదివి వినిపించింది. ముక్కుకు ఫోను ఆనించే పద్ధతి ఈ ఉదయం ప్రయత్నించాను. మూడుసార్లు తప్పింది, నాలుగోసారి హాజరు పడింది.

విరమణ దరఖాస్తును చింపలేదు, వెనుకవైపు ఖాళీగా ఉంది కనుక, కావలసిన వెసులుబాట్ల చిత్తుప్రతిని మా ఆవిడ దాని మీదే రాసింది. హాజరుకు ప్రత్యామ్నాయం, జవాబు పత్రాలు చదివే సహాయకుడు, ఎన్‌వీడీఏ ఉన్న కంప్యూటరు, నడక శిక్షణకు సెలవు అని నాలుగు రాశాం. ఇంకేమైనా చేర్చాలా? వరంగల్ సారుగారూ, సోమవారం రాత్రి ఎనిమిదింటికి మీ ఫోను కోసం ఎదురుచూస్తుంటాను.