చల్లగా లేని ఇంగ్లీష్ బీరు: ఇష్టమా, మొహమాటమా?

లీడ్స్‌లో కొత్త:
నిన్న ఆఫీసువాళ్లు పబ్‌కి తీసుకెళ్లారు. చేతిపంపు లాగి బిట్టర్ అనే ఇక్కడి బీరు పోశారు. పైన నురగ బాగానే ఉంది కానీ చల్లదనం లేదు, గ్యాస్ లేదు, పైగా చేదు. మన దగ్గర ఇలాంటిది ఇస్తే ఊరుకుంటామా? ఇక్కడివాళ్లు నిజంగా ఇష్టపడే తాగుతున్నారంటారా?

షెఫీల్డ్ పాతకాపు:
అది వెచ్చన కాదండీ. సెల్లార్‌లో 11 నుంచి 13 డిగ్రీలు ఉంటుంది, మే నెలలో మన కుండనీళ్లకన్నా చల్లన. మరీ ఐసులా ఉంటే నాలుక మొద్దుబారి రుచి తెలియదు. పీపాలో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది, ఆ కాస్త గ్యాసూ అదే పుట్టిస్తుంది, బయటినుంచి ఎక్కించరు. ఒకరకంగా మన కల్లు లాంటిదే. పీపా తెరిచాక మూడు రోజుల్లో అమ్ముకోవాలి.

ఉల్లి పకోడీ:
కల్లుతో పోలిక కుదరదు. కల్లు పులిస్తే మనకు వాసనే చెప్పేస్తుంది. ఇక్కడ పాడైనదిచ్చినా దీని రుచే ఇంతేమో అనుకుంటాం. నాకోసారి అచ్చం వెనిగర్‌లా ఉన్నది పోశారు. పక్కన మేనేజరు. పింట్ అంటే 568 మిల్లీలీటర్లు, మొత్తం మింగాను!

షెఫీల్డ్ పాతకాపు:
తప్పు మీదే :) కౌంటర్‌కి తీసుకెళ్లి చెబితే మారుస్తారు. ముందే రుచి చూస్తానంటే చిన్న గ్లాసులో కొంచెం పోస్తారు కూడా. ఈ బీరు కనుమరుగైపోతోందని 1971లో జనం కామ్రా అనే సంఘం పెట్టి పోరాడారు. మొహమాటానికి ఎవరైనా ఉద్యమం చేస్తారా?

నాటింగ్‌హామ్ శాకాహారి:
మీ గొడవ సరే, నా గొడవ వేరు. బీరు తేటగా రావడానికి చాలాచోట్ల ఐసిన్‌గ్లాస్ వేస్తారు. అది చేప గాలితిత్తితో చేసేది! నాకు తెలిసేసరికి రెండేళ్లు తాగేశాను. ఇప్పుడు వీగన్ అని రాసుంటేనే తీసుకుంటాను. తిండికి ప్లౌమన్స్ లంచ్: చీజ్, రొట్టె, ఊరేసిన ఉల్లిపాయ. తాతలనాటి రైతు భోజనమంటారు గానీ, ఆ పేరుకి 1950ల నుంచి ప్రచారం చేసింది చీజ్ అమ్ముకునేవాళ్లే. ఉల్లిపాయ మాత్రం బ్రహ్మాండం.

లీడ్స్‌లో కొత్త:
శుక్రవారం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి చిన్న గ్లాసులో అడుగుతా. నా ఓటు ఇప్పటికీ చల్లటి లాగర్‌కే, అదే మన దగ్గర మామూలుగా దొరికే గ్యాసు బీరుకి. చేప సంగతి మా అమ్మకి మాత్రం చెప్పను.