ఎల్గార్ చెలో కాన్చెర్టో: యుద్ధ సంగీతమా, మనం అంటగట్టిన పేరా?

మంద్రస్థాయి:
ఇంగ్లిష్ స్వరకర్త ఎల్గార్ ఇ-మైనర్ (E minor) చెలో కాన్చెర్టో, అంటే ఆర్కెస్ట్రా తోడుగా చెలో (వయొలిన్ జాతిలోనే మంద్రంగా పలికే పెద్ద వాద్యం) సోలోగా వాయించే రచన, దాని గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట, మొదటి ప్రపంచ యుద్ధం మీద ఏడుపు అని. నాకు మింగుడుపడటం లేదు. యుద్ధం గురించి చెప్పాలనుకున్నప్పుడు ఆయన నేరుగానే చెప్పాడు. 1914లో జర్మన్ సేనలు బెల్జియం మీద పడ్డాక 'కారియాన్' రాశాడు, పద్యం చదువుతుంటే వెనక ఆర్కెస్ట్రా వాయిస్తుంది. తర్వాత ఇంగ్లిష్ కవి బిన్యన్ పద్యాలకు 'ది స్పిరిట్ ఆఫ్ ఇంగ్లండ్' కట్టాడు. 1919 నాటి ఈ కాన్చెర్టోకి అలాంటి పేరేమీ లేదు, అంకితం కూడా స్నేహితులైన కోల్విన్ దంపతులకు. అసలు బాణీ పుట్టింది 1918 మార్చిలో, టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత. అరవై ఏళ్ల మనిషి, గొంతు మంట! మంచాన పడ్డ చివరి రోజుల్లో అదే బాణీ కూనిరాగం తీసి, "మాల్వెర్న్ కొండల్లో ఎవరైనా ఇది ఈల వేస్తుంటే భయపడకండి, అది నేనే" అన్నాడని చెబుతారు. యుద్ధం మీద ఏడుపుని కొండల్లో ఈల వేసుకుంటూ తిరుగుతారా ఎవరైనా?

రెండో వరస ఫిడేలు:
మంద్రస్థాయి గారూ, 1918 మార్చికి యుద్ధం ఇంకా ముగియలేదు కదండీ. ఆ ఏడాదే ససెక్స్‌లో, ఫిటిల్‌వర్త్ దగ్గర బ్రింక్‌వెల్స్ అనే అడవి పక్క ఇంటికి మారాడు. రాత్రిపూట సముద్రం అవతల ఫ్రాన్స్ నుంచి ఫిరంగుల మోత అక్కడికి వినిపించేదట. పేరు, అంకితం వదిలేసి ఆర్కెస్ట్రా వినండి. 1910 నాటి వయొలిన్ కాన్చెర్టోలో ఎంత ఆడంబరం! ఇక్కడ చెలో నాలుగు బరువైన తీగల మోతతో మొదలుపెడుతుంది, కాసేపటికి అసలు బాణీని వయోలాలు (వయొలిన్ కన్నా కాస్త పెద్దవి) ఒంటరిగా ఎత్తుకుంటాయి. కింద ఆధారంగా ఒక్క వాద్యం లేదు. ట్రాంబోన్లు, ట్యూబా లాంటి పెద్ద ఇత్తడి బాకాలన్నీ వేదిక మీదే ఉన్నాయి, చాలాసేపు నోరు మూసుకుని కూర్చుంటాయి. ఇంత గుండెనిబ్బరం ఉన్న స్వరకర్త ఇలా ఎందుకు సన్నగిల్లాడు? టాన్సిల్స్ వల్లనా?

పప్పుచారు:
ముఖారి వినిపించిన ప్రతిసారీ ఎవరో పోయారనుకునే మా మామయ్య గుర్తొచ్చాడు 😄 దుఃఖం వినపడుతోంది, సరే. దేని గురించో సంగీతం చెప్పదు కదా.

తొమ్మిది బై ఎనిమిది:
ఇద్దరూ తప్పు పాట పట్టుకుని కొట్టుకుంటున్నారు. చెలోతో యుద్ధం గురించి మాట్లాడినవాడు ఇంగ్లిష్ స్వరకర్త ఫ్రాంక్ బ్రిడ్జ్. స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్‌కి గురువు, గట్టి యుద్ధ వ్యతిరేకి. 1918లో యుద్ధంలో చనిపోయిన ఎర్నెస్ట్ ఫారర్ అనే స్వరకర్త జ్ఞాపకంగా పియానో సొనాటా రాశాడు. తర్వాత 1930లో చెలో, ఆర్కెస్ట్రాలకు 'ఒరేషన్' పూర్తి చేశాడు. దాదాపు అరగంట, మధ్యలో ఆపకుండా. పేరుకి తగ్గట్టే చెలో సభలో నిలబడి మాట్లాడుతున్నట్టుంటుంది. నడుమ ఒక మార్చ్ వస్తుంది చూడండి, సైనిక కవాతుని వెక్కిరిస్తూ కాళ్లీడ్చుకుంటూ నడుస్తుంది. అది విన్నాక ఎల్గార్‌లో నాకు వినపడేది తన కాలం చెల్లిపోయిందని కుర్చీలో కూర్చున్న పెద్దాయన దిగులు. 'ఒరేషన్'ని మొదటిసారి వాయించింది 1936లో. ఇప్పటికీ కచేరీల్లో అరుదే. సుఖంగా ఏడవనివ్వదు మరి.

మంద్రస్థాయి:
'ఒరేషన్' పేరే వినలేదు, థాంక్స్. కానీ నా వాదనకి అది బలమే. ఇంకోటి కూడా చూడండి. ఎల్గార్ కాన్చెర్టో తొలి ప్రదర్శన 1919 అక్టోబర్ 27న, లండన్ క్వీన్స్ హాల్లో. కాల్పులు ఆగి ఏడాది కూడా కాలేదు. అది తమ దుఃఖమే అయితే జనం పట్టించుకోవాలి కదా? చప్పగా పోయింది. 1965లో చెలో కళాకారిణి జాక్లిన్ డు ప్రే రికార్డింగ్ వచ్చాకే ఇంత పేరు.

రెండో వరస ఫిడేలు:
అయ్యో, అది సాక్ష్యమా! ఆ రోజు మిగతా కార్యక్రమం నడిపింది ఆల్బర్ట్ కోట్స్. రిహార్సల్ సమయం చాలావరకు ఆయనే మింగేశాడు. ఎల్గార్, సోలో వాయించిన ఫెలిక్స్ సాల్మండ్ సరిగా సిద్ధం కాకుండానే ఎక్కాల్సి వచ్చింది. దానికి యుద్ధాన్ని లాగకండి.
1965 అన్నారు కాబట్టి ఒక సంగతి. ఆ రికార్డింగ్‌కి కండక్టర్ బార్బిరోలి. 1918లో సైన్యంలో చేరినవాడు. 1919లో ఆ చప్పగా పోయిన కచేరీలో చెలో వరసలో కూర్చుని వాయించాడు. మూడో భాగం, నెమ్మదిగా సాగే అడాజియో వినండి. అరవై బార్లలో (తాళం ఆవర్తనాల్లాంటివి) చెలో ఆగేది ఒక్క బారే. ఆ ఊపిరి ఆయన ఎలా పట్టించాడో చూడండి.

మంద్రస్థాయి:
బార్బిరోలి సంగతి తెలియదు. ఒప్పుకున్నానని కాదు గానీ, ఈ రాత్రికి రెండూ వరసగా వింటాను. ఫోన్‌లో వినొచ్చా, హెడ్‌ఫోన్స్ కావాలా?

రెండో వరస ఫిడేలు:
హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఫోన్ స్పీకర్లో ఆ వయోలాలు సరిగా వినపడి చావవు.