ఫాస్ట్‌లో ఏమీ కనబడలేదు, బీపీ పడిపోతోంది: సీటీకి పంపడం తప్పా?

రాత్రిడ్యూటీ:
బండి మీది నుంచి పడిన వ్యక్తిని ప్రమాదం జరిగిన గంటన్నరకు తీసుకువచ్చారు. బీపీ 92, నాడి 124, కటి భాగంలో విపరీతమైన నొప్పి. ఫాస్ట్ స్కాన్‌లో (లోపల రక్తం చేరిందేమో త్వరగా వెతికే అల్ట్రాసౌండ్) ఎక్కడా ద్రవం కనబడకపోవడంతో బైండరు (కటిని చుట్టూ బిగించి ఉంచే పట్టీ) కట్టి సీటీకి పంపాను. బల్ల మీదనే బీపీ 60కి దిగింది. సీటీకి పంపడం తప్పా? ఎక్స్‌రే చూడకుండా బైండరు కట్టవచ్చా?

పాతసర్జన్:
ఫాస్ట్ చూపేది ఉదరకుహరంలో, గుండె చుట్టూ చేరిన ద్రవాన్నే. కటి ఎముక విరిగి వెనుక పొరల్లోకి కారే రక్తం దానికి చిక్కదు కనుక, ఆ ఫలితాన్ని నమ్మి నిశ్చింతగా ఉండడమే అసలు తప్పు.

చీకటిగది:
స్కాన్ చేసేముందు యూరిన్ ట్యూబు వేశారా? నిండిన మూత్రాశయమే కటి లోపలికి మనకున్న కిటికీ. దాన్ని ముందుగా ఖాళీ చేసి, ఆపైన ప్రోబ్ పెట్టి ‘నెగెటివ్’ అని రాసే అలవాటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఒకసారి ట్యూబును బిగించి, సెలైన్ ఎక్కించి మళ్లీ చూస్తే, అంతకుముందు కనబడని ద్రవం నల్లని చారలా మూత్రాశయం వెనుక స్పష్టంగా కనబడింది.

పాతసర్జన్:
రోగి షాక్‌లో ఉండగా మూత్రాశయం నింపుతూ కూర్చోమంటారా? కటి విరిగినవారికి మూత్రద్వారం వద్ద రక్తం కనబడితే అసలు ట్యూబే వేయకూడదు, మూత్రనాళం తెగి ఉండవచ్చు. మీరు ప్రోబ్ పట్టకముందే నేను పొట్టలోకి గొట్టం వేసి, కడిగి, రక్తస్రావం ఉందో లేదో తేల్చినవాణ్ణి.

చీకటిగది:
నింపమని ఎవరూ అనలేదు సార్, ముందే ఖాళీ చేయవద్దన్నాను. రాసినది చదివి కోప్పడితే బాగుంటుంది.

పీజీరెండోఏడు:
రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం ఇచ్చారా అని ఒక్కరూ అడగలేదు. 20 వేల మందికి పైగా పాల్గొన్న, ఆ మందును పరీక్షించిన క్రాష్-2 అధ్యయనం 2010లోనే వచ్చింది. పది నిమిషాల్లో ఒక గ్రాము, ఆపై ఎనిమిది గంటల్లో మరో గ్రాము. దాన్ని మొదలుపెట్టడానికి ఉన్న మూడు గంటల గడువు గాయపడిన నిమిషం నుంచి మొదలవుతుంది గాని, రోగి మన గుమ్మం దాటినప్పటి నుంచి కాదు. ఆ గడువు దాటాక ఇస్తే రక్తస్రావంతో మరణించే ముప్పు పెరిగినట్లు అందులోనే తేలింది.

ట్రామాబే:
ఒళ్లంతా సీటీ తీయడమే ఉత్తమమని వాదించేవారు 2016 నాటి రియాక్ట్-2 అధ్యయనం చూడాలి. అవసరమైన భాగాలకే తీసిన వర్గంతో పోలిస్తే ఆసుపత్రి మరణాల్లో తేడా రాలేదు. పైగా సీటీ గదికి తీసుకుపోలేనంత అస్థిరంగా ఉన్నవారిని ఆ అధ్యయనంలోకి తీసుకోనేలేదు.

రాత్రిడ్యూటీ:
ట్రానెక్సామిక్ ఇచ్చాను, యూరిన్ ట్యూబు వేయలేదు. నా రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ట్రామాబే:
అనుమానం ఉంటే ఎక్స్‌రే కోసం ఆగనక్కరలేదు. అయితే బైండరు నడుముకు కాదు, తొడ ఎముకల పైభాగాన బయటికి తగిలే గుబ్బల ఎత్తున ఉండాలి. పైకి కడితే విరిగిన ఎముకలు సరిగా దగ్గరికి రావు.

రాత్రిడ్యూటీ:
సీటీ చిత్రాలను ఇప్పుడే మళ్లీ తెరిచాను. మేము కట్టిన పట్టీ బొడ్డుకు రెండు వేళ్ల కిందనే ఉంది.