డౌన్ సిండ్రోమ్ ఉన్న తమ్ముడు: వ్యాయామం సరిపోయిందని ఎలా తెలుస్తుంది?

మా తమ్ముడికి 22 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్. మాటలు తక్కువ, రెండు మూడు పదాలకు మించి కలపడు. పొద్దున ఆరున్నరకు అరగంట నడిపించి, తొమ్మిదింటికి కవర్లు కట్టలు కట్టే పనిలో కూర్చోబెడుతున్నాం. చెమట పట్టేలా నడిచిన రోజు లెక్క తప్పకుండా కడతాడు. దారిలో కుక్కలన్నిటినీ పలకరిస్తూ మెల్లగా నడిచిన రోజు (ఎక్కువగా జరిగేది ఇదే) కాసేపటికే ఐదు కవర్ల కట్టలో నాలుగో, ఆరో పెట్టేస్తాడు. పోనీ అని పరుగెత్తిస్తే పని దగ్గర కునుకు తీస్తాడు.

అంటే మధ్యస్థంగా ఉండాలి. ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. 220లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందనే లెక్కతో వాచీలో గుండె వేగం చూశాను. డౌన్ సిండ్రోమ్‌లో గుండె వేగం అంత పైకి వెళ్లదు, ఆ లెక్క కుదరదని డాక్టరు గారు చెప్పారు. శ్రమ మధ్యస్థంగా ఉంటే 'మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి' అనే పరీక్ష వీడికెలా పెట్టను? "అలిసిపోయావా" అంటే కూర్చుని ఉన్నా సరే "ఊ" అంటాడు. ముఖాల బొమ్మల కార్డు చూపిస్తే ఎప్పుడూ నవ్వే ముఖం మీదే వేలు పెడతాడు.

థైరాయిడ్ మామూలుగానే ఉంది. గుండె, మెడ ఎముకలు పరీక్షించి నడకకు, మెల్లటి పరుగుకు అభ్యంతరం లేదన్నారు. పిల్లిమొగ్గలు మాత్రం వద్దన్నారు.

తన అలసట తాను చెప్పలేని వాళ్లతో వ్యాయామం చేయించేవాళ్లు, శ్రమ సరిపోయిందని దేన్ని చూసి గుర్తుపడుతున్నారు?