ఈ వారం సమస్య: పూవు పేరు తెలియఁ బూజ్యమాయె

గండిపేట గాలి (నిర్వహణ):
ఆదివారం పొద్దున్నే హైదరాబాదు శివారులోని గండిపేట చెరువు వైపు నడకకు వెళ్ళినవాళ్ళు ఏడుగురం. ఎనిమిది దాటేసరికి ఎండకు తట్టుకోలేక చెట్ల కింద చేరాం. అక్కడ పూల పేర్ల మీద జరిగిన గొడవలోంచే ఈ పాదం పుట్టింది. ఇది ఆటవెలది చివరి పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. పూజ్యం అంటే పూజించదగినది, సున్నా కూడా. ఎటు లాగుతారో మీ ఇష్టం. ఒక్కటే షరతు: పువ్వు మీరు కళ్ళారా చూసినదై ఉండాలి, ఎవరూ నాటకుండా మొలిచినదై ఉండాలి.

పల్లేరుకాయ:
బాట నిండఁ దెల్ల పాలనురుగు వోలెఁ
బూయఁ, గోయ మోజు పుట్టి వంగ,
“వద్దు! దద్దు లేచు! వయ్యారిభామ”న
పూవు పేరు తెలియఁ బూజ్యమాయె.

మోజు సున్నా అయిందని భావం. తూము పక్క తడి నేలలో ఇప్పటికీ గుబురుగా ఉంది.

గండిపేట గాలి:
పద్యం నడక బాగుంది. ‘వద్దు, దద్దు’ అన్నచోట అరిచిన గొంతు వినబడింది (నాదే లెండి). రెండు చిక్కులున్నాయి. పాలనురుగు తెల్లగా కాక ఇంకెలా ఉంటుంది? ఆ ‘తెల్ల’ గణం నింపడానికి వచ్చిందే. ‘బాట నిండ నిండఁ బాలనురుగు వోలె’ అంటే సరి. రెండోది, ‘భామ + అన’కు సంధి చేసేశారు. స్త్రీవాచక తత్సమం కదా, సంధి రాదు, ‘భామ యన’ అనాలి. అలా అంటే గణం చెడుతుంది. ‘వయ్యారిభామరా!’ అనిపించండి, తగణం, రగణం, హాయిగా కుదురుతుంది.

మొక్క సంగతి సరే. ఊళ్ళలో దీన్నే కాంగ్రెస్ గడ్డి అంటారు. అమెరికా ఖండం నుంచి వచ్చింది, మన దేశంలో 1950ల్లో పుణెలో మొదట కనబడింది. ఒంటికి తగిలితే కొందరికి దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే తుమ్ములు. పేరు మాత్రం ఎంత సొగసుగా పెట్టారో!

నేర్చుకుంటున్నవాణ్ణి:
గురువుగారూ, ‘తురాయి పూలు చూసి తుళ్ళిపడితి’ దగ్గరే ఆగిపోయాను. ఎక్కడ తప్పు?

గండిపేట గాలి:
తురాయి లఘువు, గురువు, లఘువు. జగణం. ఆటవెలది పాదం దానితో మొదలుకాదు. ముందొక గురువు చేర్చి ‘మే తురాయి’ అంటే రెండు హగణాలై (గురువు, లఘువు; గురువు, లఘువు) కూర్చుంటుంది. కానీ నాయనా, తురాయి మడగాస్కర్ చెట్టు, మనం రోడ్ల వెంట నాటుకున్నది. షరతు చూడండి. ఇంకో పువ్వుతో రండి.

అత్తాపూర్ అత్తయ్య:
ఫోను చూపఁ జెప్పెఁ బొంతన లేకుండ
నాలుగైదు పేర్లు నవ్వు పుట్ట,
నాకుఁ దుంచి చూపె నవ్వ పాలకొడిశ
పూవు పేరు తెలియఁ బూజ్యమాయె.

ఫోను గొప్పతనం పూజ్యమైందని. మేకలు కాసే అవ్వ ఆకు తుంచగానే పాలు కారాయి.

పల్లేరుకాయ:
అత్తయ్యగారూ, ఆకు తుంచిందా, ‘నాకు’ తుంచిందా?

అత్తాపూర్ అత్తయ్య:
రెండూ! మేకకు కూడా తుంచింది.

గండిపేట గాలి:
ఈ వారం నాకు బాగా నచ్చింది ఇదే. ‘ఫోను’ పద్యంలో ఏమిటని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఫో–బొ యతి చక్కగా పడింది, ఇంకేం కావాలి?

అయితే పాలు కారినంత మాత్రాన పాలకొడిశ అనలేం. కొడిశ చెట్టుకూ పాలు కారతాయి, దాని పూలూ తెలుపే. పువ్వు మధ్యలోకి చూడండి. పాలకొడిశకు రేకుల లోపల తెల్లటి కుచ్చు, చించిన దూదిలా, నిలబడి ఉంటుంది. కొడిశకు అది ఉండదు, నడుమ బోసిగా ఉంటుంది. కాయలు రెండింటికీ జంటలే, కాకపోతే పాలకొడిశవి కొసల దగ్గర అతుక్కుని ఉంటాయి, పట్టకారులాగా. ఆదివారం నేను చూసిన పువ్వులో కుచ్చు ఉంది. అవ్వ మాటే నిజం. ఏటికొప్పాక లక్కబొమ్మలు చెక్కే అంకుడు కర్ర ఈ చెట్టుదే.

బోడుప్పల్ బుజ్జమ్మ:
బంజరైన నేల బతుకమ్మ మీదుండు
పసుపుముద్ద వోలెఁ బలుకరించె,
“తంగె డిద్ది బిడ్డ!” తాతమ్మ చెప్పంగ
పూవు పేరు తెలియఁ బూజ్యమాయె.

ఫొటో కూడా పెట్టాను. మన తెలంగాణ రాష్ట్ర పుష్పం కదా, పూజ అర్థంలోనే తీసుకున్నాను.

గండిపేట గాలి:
అమ్మా, పద్యం నిలబడింది, పువ్వే పడిపోయింది. బతుకమ్మ మీది పసుపు గౌరమ్మను తెచ్చిన పోలిక చూసి లేచి కూర్చున్నాను. ఫొటో చూసి మళ్ళీ కూలబడ్డాను. అది రేల.

రెండూ పసుపే, రెంటికీ అయిదు రేకులే, పొరపాటు సహజం. రేల చెట్టు. పూలు గుత్తులై కిందికి వేలాడతాయి. తంగేడు పొద. పూలు కొమ్మల చివర పైకి నిలుస్తాయి. మీ ఫొటోను పెద్దది చేసి చూడండి, పువ్వు నడుమ నుంచి మూడు కేసరాలు మిగతావాటికన్నా పొడుగ్గా వచ్చి గాలంలా వంగి ఉన్నాయి. అది రేల గుర్తు. ఇంకా అనుమానముంటే కాయ చూడండి. తంగేడుది పల్చటి బిళ్ళకాయ, రేలది నల్లటి కర్రలాంటిది, మూరెడు ఉంటుంది. తంగేడు ఎండాకాలంలోనూ అక్కడక్కడ పూస్తుంది కానీ, విరగబూసేది బతుకమ్మ నాటికే.

అత్తాపూర్ అత్తయ్య:
పాపం తాతమ్మ! ఆ వయసులో కళ్ళు ఆనవు లెండి.

బోడుప్పల్ బుజ్జమ్మ:
తాతమ్మను ఏమీ అనకండి. ఆవిడ అసలు నడకకే రాలేదు. ‘తంగె’కు యతి దొరక్క తెచ్చి నిలబెట్టాను.

సాయంత్రం మళ్ళీ వెళ్ళి చూశాను. కొమ్మకు కాయ ఉంది, నల్లగా, మూర దాటి. మూడో పాదం మారుస్తున్నాను:

“రేల యిద్ది బిడ్డ! రెండును వే”రన
పూవు పేరు తెలియఁ బూజ్యమాయె.

నేర్చుకుంటున్నవాణ్ణి:
అయ్యో, ఇప్పుడు పూజ పోయి సున్నా వచ్చింది కదండీ!

గండిపేట గాలి:
వచ్చింది. నాలుగో పాదంలో ఒక్క అక్షరం కదలలేదు, అర్థం మాత్రం తిరగబడింది. రెండు పూరణలూ ఉంచేయండమ్మా, మొదటిదాని కింద ఫొటో మాత్రం మార్చండి.

బోడుప్పల్ బుజ్జమ్మ:
తంగేడు ఫొటో దొరికాక మారుస్తాను. ఇంతకీ ఈసారి ‘వేరు’ అన్నది మీరే. ఆ మాట తాతమ్మ నోట్లోంచి తీసేయమంటారా?

గండిపేట గాలి:
‘బిడ్డ’ అని పిలిచే వయసు నాకింకా రాలేదు. ఆవిడనే ఉండనివ్వండి.